ఆయన బదులు తిన్న అన్నం

నాకిష్టమైన కథకుడెవరని ఎవరైనా అడిగితే నేనొక పేరు చెబుతాను. అడిగినవాళ్ళు మర్యాదకు తలాడిస్తారు. ఆ పేరు వాళ్ళు విని ఉండరు. ఆయన రాసినవన్నీ కలిపినా ఒక చిన్న పుస్తకమే అవుతుంది. ఆ పుస్తకమూ ఎవరూ వెయ్యలేదు. ఇక్కడ ఆ పేరు రాయను. ఆయన తరఫువాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. పైగా నేను చెప్పబోయేది ఆయన గొప్పతనం గురించి కాదు.

పంతొమ్మిదివందల ముప్పైల్లో నేను హిందూపురంలో బడిపంతులుని. పగలు పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, ఆదివారాలు పెద్దలకు బుద్ధి చెప్పేవాణ్ణి. బెల్లం మండీ మీదున్న మిద్దెగదిలో మా సభ జరిగేది. కింద దిమ్మెల మీద ఈగలు, పైన మేము. దేవుడున్నాడా లేడా, సహపంక్తి భోజనం తప్పా, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా, ఇవీ మా చర్చలు. ఒక ప్లీడరు మా అధ్యక్షుడు. వర్తకుల కొడుకులు, ఇద్దరు ముగ్గురు పంతుళ్ళు సభ్యులు. నాది పెద్ద గొంతు. ఒక సభలో అందరి ముందూ జంధ్యం తెంపి లాంతరు మంటలో పెట్టాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చాలాకాలం నా చెవుల్లో ఉన్నాయి.

బజారులో ఒక బట్టల అంగడి శెట్టిగారు మద్రాసు నుంచి మాసపత్రిక తెప్పించేవాడు. చీరల ప్రకటనలు చూడటానికే. చూసిన తర్వాత దాన్ని గల్లాపెట్టె మీద పారేసేవాడు. నేను నిలబడి చదువుకునేవాణ్ణి. అట్లా నిలబడే ఆయన మొదటి కథ చదివాను. ఇంటి పెద్ద భోంచేసేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడని ఇల్లు అది. ఆ రోజు పెద్దాయన పొరుగూరు పోయి రాత్రికి తిరిగి రాడు. అన్నం చల్లారిపోతుంది. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోతాడు. మర్నాడు పొద్దున పెద్దాయన వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, నేను అక్కడే తినేశానంటాడు. అంతే కథ.

పత్రిక మూసి అంగడి మెట్ల మీద కూర్చుండిపోయాను. అది మా ఇల్లు. ఆ పెద్దాయన మా నాయన. ఆ పిల్లవాడు నేనే. ఇంటి పెద్దల పెత్తనం గురించి నేను గంటల తరబడి ఉపన్యాసాలిచ్చి ఉన్నాను. విన్నవాళ్ళు లేచిపోయి పెత్తనం చేసుకుంటూ ఉన్నారు. ఈయనకు మూడు పేజీలు, ఒక గిన్నె చల్లారిన అన్నం చాలాయి. ఈ మనిషి ఎవరో మా ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడి అంతా చూశాడనిపించింది. అప్పటినుంచి ప్రతి నెలా ఆ అంగడికి పోయేవాణ్ణి. ఆయన కథ లేని నెల శెట్టిగారి మీద కోపం వచ్చేది.

ఆయన ఎక్కడో మద్రాసులోనో బెజవాడలోనో ఉంటాడనుకున్నాను. పెనుకొండలో, ఒక ఆఫీసులో గుమాస్తా అని తెలిసిన రోజు నాకు సంతోషం కన్నా అవమానమే ఎక్కువైంది. రైలెక్కితే పూట పట్టని దూరంలో మనిషిని పెట్టుకుని నెలకోసారి పత్రిక కోసం కాచుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం సభ మానేసి పెనుకొండ పోయాను. కొండ కింద సందులో చిన్న మిద్దె. తలుపు తీసినవాడు సన్నగా, కొంచెం వంగి, ఊపిరి లెక్కపెట్టుకుని పీలుస్తున్నట్టు ఉన్నాడు. ఒంటిమీద అంగీ లేదు. జంధ్యానికి ఇనప్పెట్టె బీగంచెవి వేలాడుతోంది. నాకు పళ్ళెంలో పురుగు కనబడినట్టైంది. పరిచయం చేసుకోక ముందే అడిగేశాను.

"మీరింకా జంధ్యం తియ్యలేదా?"

"తీసేస్తే బీగంచెవి యాడ కట్టుకునేదబ్బా?" అన్నాడు.

నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. నాది చప్పట్ల మధ్య కాలిపోయింది. ఈయనది ఇనప్పెట్టె తెరుస్తోంది. ఏది ఎక్కువ అవమానం జంధ్యానికి అని తిరుగు రైల్లో చాలాసేపు ఆలోచించాను.

"హిందూపురంలో నువ్వు శానా గట్టిగా మాట్లాడతావంట గదా," అన్నాడు ఆ రోజే. "నాకు ఉబ్బసం. గట్టిగా మాట్లాడలేను. అందుకే రాస్తాండా."

ఆ తర్వాత కొన్నేళ్ళు నెలకొకసారైనా పోయాను. నేను మాట్లాడేవాణ్ణి, ఆయన దగ్గేవాడు. లోపలినుంచి కాఫీ వచ్చేది. గడప దాకా ఒక చెయ్యి, రెండు గ్లాసులు, గాజుల చప్పుడు. ఆయన లేచి అందుకునేవాడు. ఆ చెయ్యి ఆయన భార్యది. ఆయన కన్నా చాలా చిన్నది. పిల్లల్లేరు. ఇంతకు మించి ఆమె గురించి నాకేమీ తెలియదు. ఆడవాళ్ళ విముక్తి మీద మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ ఆమె ఆ గడప అవతల నుంచి వినే ఉంటుంది.

ఆయన కథల్లో జనం నోట పడింది ఒకటే. అది భోక్త కథ. మా కులంలో మనిషి పోయిన పదకొండోరోజు, పోయినవాడి స్థానంలో ఒకణ్ణి కూర్చోబెట్టి, పోయినవాడే తింటున్నట్టు అన్నం పెడతారు. ఆ కూర్చునేవాణ్ణి భోక్త అంటారు. తిన్నాక గొడుగూ చెప్పులూ ఇచ్చి పెరటి దారిన పంపిస్తారు. వెనక్కి చూడకూడదు. ఆ రోజు వాడి మొహం ఎవరూ చూడరు. ఆకలి తట్టుకోలేనివాడు తప్ప దానికి ఎవరూ ఒప్పుకోరు. ఆయన కథలో పోయినవాడు పరమ లోభి. జన్మలో కడుపునిండా తినలేదు. భోక్తగా వచ్చిన ముసలాయన ఆ లోభి పేరుమీద విస్తరి తుడిచేస్తాడు. పెద్దలు కళ్ళు తేలేసి చూస్తుంటారు. చివర తలుపు వెనకనుంచి లోభి భార్య గొంతు వినిపిస్తుంది. "ఇంకొంచెం నెయ్యి వెయ్యండి. ఆయనకి ఇష్టం." కథ అక్కడితో అయిపోతుంది. మా సభలో దాన్ని నేనే చదివి వినిపించాను. బెల్లం మండీ హమాలీలు పైకి తలెత్తి చూసేంతగా నవ్వారు.

ఆ కథ అచ్చయిన రోజుల్లోనే ఒకసారి దగ్గు తెర తగ్గాక అన్నాడు:

"నేను పోతే పిండాలు గిండాలు వద్దబ్బా. మా అన్న ఇంటాడని కాదు. నువ్వు కొట్లాడితే సూడాలని ఉండాది."

"మీరు చూడలేరు కదా," అన్నాను.

"అదే గదా బాధ," అని నవ్వాడు.

నేను నవ్వలేదు. దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాను. నాకిష్టమైన రచయిత తన చివరి పని నాకు అప్పజెప్పాడని గర్వపడ్డాను.

యుద్ధం మొదలైన ఏడాది చలికాలంలో ఆయన పోయాడు. నాకు కబురు పంపాలని ఎవరికి తోస్తుంది? ఆయన ఆఫీసు మనిషి ఒకడు హిందూపురం సంతకు వచ్చి, మాటల్లో మాటగా చెప్పాడు. నేను పెనుకొండ చేరేసరికి ఎనిమిదోరోజు. పక్క పల్లెలో కరణంగా ఉన్న ఆయన అన్న వచ్చి, దహనం చేసి, రోజూ చెయ్యాల్సినవన్నీ చేస్తున్నాడు. వసారాలో దాయాదులు కూర్చుని ఉన్నారు. నేను నిలబడే మొదలుపెట్టాను.

"ఇవేవీ వద్దన్నారు ఆయన."

"ఎవురితో అన్నాడు?" అన్నాడు అన్న.

"నాతో."

"నువ్వేమవుతావప్పా ఆయనకి?"

నేను సభల్లో ఎంతోమంది శాస్త్రులను నోరెత్తకుండా చేసినవాణ్ణి. ఆ ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేను.

"ఆయన కథలు చదివినవాణ్ణి," అన్నాను.

వసారా మొత్తం నవ్వింది. మైల ఇంట్లో నవ్వకూడదన్న నియమం కూడా వాళ్ళకు గుర్తు రాలేదు.

"కతలు చదివినోళ్ళంతా దాయాదులైతే, ఆ మద్రాసు పత్రికోళ్ళకి గూడా మైల పట్టల్ల గదప్పా!" అన్నాడు ఒకాయన.

"ఊళ్ళో సగంమంది తలకాయ గొరిగించుకోవల్ల," అన్నాడు ఇంకొకాయన.

నేను చాలా మాట్లాడాను. మనిషి చివరి కోరిక గురించి, వ్యక్తి స్వాతంత్ర్యం గురించి మాట్లాడాను. వాళ్ళు ఒక్క మాటకూ అడ్డురాలేదు. అడ్డురాకపోవడమే వాళ్ళ జవాబు. ఆఖరికి అన్న లేచి, "ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగి పో," అన్నాడు. చర్చలో ఓడించడం నాకు తెలుసు, ఓడిపోవడమూ తెలుసు. మజ్జిగ ఇచ్చి పంపించేవాణ్ణి ఏం చెయ్యాలో మా సభ నాకు నేర్పలేదు.

సందు మలుపులో పక్కింటి అవ్వ చెయ్యి ఊపి పిలిచింది.

"ఏమబ్బా, హిందూపురం అయ్యోరు నువ్వేనా? ఆ యమ్మి పెరటికాడికి రమ్మంటాంది. గబగబ మాట్లాడి పో, మళ్ళా నా మిందికి వస్తారు."

పెరటి తలుపు ఒక రెక్క తీసి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె మొహం సరిగ్గా చూడటం అదే మొదలు. కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"అన్నా, వసారాలో మీరు మాట్లాడింది విన్నా. పిండాలు పెట్టుకోనీండి. ఆయనకి తెలుస్తాదా ఏమన్నా? పదోదినానికి మంగలాయనకి చెప్పి పంపించినారు. నాకోసం. అది ఆపుతారా?"

అప్పటిదాకా నాకది తోచలేదు. భర్త పోయిన పదోరోజు భార్యకు తల గొరిగించడం మా కులంలో అప్పటికీ ఉంది. తగ్గుతోందని మేము సభల్లో చెప్పుకునేవాళ్ళం. ముడి వేసిన ఆమె జుట్టు విడిపోయి భుజం మీదికి జారి ఉంది.

"ఆయన మీతో ఏమన్నా చెప్పినాడా? నా సంగతి?" అని అడిగింది.

ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు. పిండాల గురించి చెప్పాడు. కాకుల గురించి ఛలోక్తులు వేశాడు.

"లేదమ్మా," అన్నాను.

"నాతోనూ చెప్పలే," అంది. తలుపు వేసేసింది.

ఆ రాత్రి సత్రంలో పడుకున్నాను. పొద్దున్నే మళ్ళీ వసారాకు పోయాను, ఈసారి పిండాల ఊసెత్తకుండా ఆమె సంగతి మాట్లాడదామని. అక్కడ వేరే గొడవ నడుస్తోంది. ఆ చుట్టుపక్కల చావుఇళ్ళలో ఎప్పుడూ భోక్తగా కూర్చునే ముసలాయన బుక్కపట్నంలో ఉండేవాడు. ఆయన్ని పిలవడానికి పోయిన మనిషి ఒట్టిచేతులతో తిరిగొచ్చాడు.

"రాడంట సామీ. 'నా ఆకలి మింద కత కట్టినోడు గదా, వాడి పేరు మింద నేను తినల్లనా?' అంటాండాడు. ఆ కత అచ్చైనప్పట్నుంచి ఊళ్ళో పిల్లోళ్ళు ఆయప్ప యాడ కనపడినా 'ఇంకొంచెం నెయ్యి, ఇంకొంచెం నెయ్యి' అని యెంటబడతాండారంట. ఆయప్ప చెరువుకు గూడా చీకటితోనే పోయొస్తాండాడంట."

ఆ కథను చదివి నవ్వించినవాణ్ణి నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆచారాన్ని వెక్కిరించామనుకున్నాం. వెక్కిరింపు పోయి తగలవలసిన చోట తగల్లేదు. వసారాలో కూర్చున్నవాళ్ళకు తగిలి ఉండాల్సింది. వాళ్ళంతా హాయిగానే ఉన్నారు.

ఇంకెవరున్నారని వెతుక్కున్నారు. లేపాక్షి వైపు ఒకాయన ఉన్నాడు గానీ మంచం మీద ఉన్నాడు. నాస్తికుడి పేరుమీద కూర్చుంటే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని మిగతావాళ్ళు రామన్నారు. అన్న మొహంలో మొదటిసారి భయం చూశాను. పదకొండోరోజు ఎవడూ తినకపోతే పోయినవాడు ఇంటి చుట్టే తిరుగుతాడని ఆయన నమ్మకం. ఇంట్లో పెళ్ళికెదిగిన కొడుకున్నాడు. ఆయన చూపు నా మీద ఆగింది.

"ఏమప్పా, నిన్న ఆయనకి నువ్వేమో అవుతానంటివే. కూచో మరి. ఆయనై కూచో."

"నేను ఇవేవీ నమ్మను."

"నమ్మమని ఎవురన్నారు? తినమంటాండా."

దాయాదులు మళ్ళీ నవ్వారు. నేను మాత్రం పెరటి తలుపు గురించి ఆలోచిస్తున్నాను. నేను ఇచ్చేది ఏదో వాళ్ళకు కావాల్సి వచ్చింది, మొదటిసారి.

"కూర్చుంటాను," అన్నాను. "రేపు మంగలాయన ఆమె దగ్గరికి పోకూడదు. రేపే కాదు, ఇంకెప్పుడూ మీరెవరూ పంపించకూడదు."

వసారాలో గోల మొదలైంది. అనాచారమని ఒకడు, ఇంటికి అరిష్టమని ఒకడు, జుట్టుతో తిరిగితే చూసినవాళ్ళు ఏమనుకుంటారని ఇంకొకడు. అన్న అందరికన్నా తెలివైనవాడు. ఏ అరిష్టం పెద్దదో లెక్క వేసుకున్నాడు.

"సరే. నేనుగా పంపించను. కానీ జంధ్యం వేసుకోవల్ల. ఆ క్రాపు తీసేసి పిలక పెట్టుకోవల్ల. క్రాపు తలకాయకి పిండం యాడ పెట్టేది?"

పదోరోజు పొద్దున బావిగట్టున ఆమెకోసం పిలిచిన మంగలాయన ముందు నేను కూర్చున్నాను.

"అమ్మకని పిలిచినారు, సామికి చేయిస్తాండారు," అన్నాడు కత్తి నూరుతూ. "నాకేం, ఏ తలకాయైనా ఒగటే. సామిది క్రాపు, నాకే సుళువు."

సభలో మంటల్లో వేసిన జంధ్యం మళ్ళీ నా భుజం మీదికి వచ్చింది. క్రాపు నీళ్ళలో కలిసింది. సిద్ధాంతాలున్నవాడికి ఇది ఎట్లా ఉంటుందో అవి లేనివాళ్ళకు చెప్పలేను. ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పదకొండోరోజు ఆయన గోత్రంతో, ఆయన పేరుతో నన్ను పిలిచి విస్తరి ముందు కూర్చోబెట్టారు. ఏళ్ళ తరబడి నేనూ ఆయనా ఒకటేనని మనసులో అనుకుంటూ వచ్చినవాణ్ణి. ఆ మాట పురోహితుడు మంత్రంలో చెప్పి ఖాయం చేశాడు. అన్నం, నువ్వులు, గారెలు, నెయ్యి. ఆయన ఉబ్బసానికి నెయ్యి పడేది కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. గరిటెతో పోశారు. తిన్నాను. తృప్తి అయిందా అని అడిగారు. అయిందనాలి. ఆయన బదులు నేను అయిందన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాల్లో అంతమంది సాక్షుల ముందు చెప్పింది ఇంకోటి లేదు.

కొత్తవి కొనడం దండగని ఆయన పాత గొడుగూ, ఆయన పాత చెప్పులే నాకు దానమిచ్చారు. "యెనక్కి సూడొద్దు," అన్నాడు అన్న. పెరటి దారిన బయటికి నడిచి, గుమ్మం దాటాక కావాలనే వెనక్కి చూశాను. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగు కప్పుకోలేదు. జుట్టు ముడి వేసుకుని ఉంది. ఆ జుట్టును చూసి నేను గెలిచాననుకున్నాను.

చెప్పులు నాకు చాలా చిన్నవి. మడమలు వెనక్కి పొడుచుకొచ్చి, సగం దారిలో చేత పట్టుకుని స్టేషను దాకా ఒట్టికాళ్ళతో నడిచాను.

ఆ వచ్చే ఆదివారం పిలక తలతో మండీ మెట్లెక్కాను. కబురు నాకన్నా ముందే చేరింది.

"ఏమప్పా, నెయ్యి బాగుండెనా?" అన్నాడు ఒక వర్తకుడి కొడుకు. "ఇంకొంచెం వేయించుకోకపోతివా?"

"చెప్పులు యాడ? చూపియ్యి!" అన్నాడు ఇంకొకడు.

నేను జరిగింది మొత్తం చెప్పాను. ఒక స్త్రీ తల దక్కిందని చెప్పాను. ప్లీడరు కళ్ళజోడు తుడుచుకుని, "ఇక్కడ వ్యక్తుల ప్రసక్తి కాదు, సిద్ధాంతం ప్రసక్తి," అన్నాడు. నన్ను సభ్యత్వం నుంచి తీసేస్తూ తీర్మానం చేశారు. చేతులెత్తినవాళ్ళలో సగంమంది ఇళ్ళలో తలలు గొరిగించుకున్న అత్తలూ అవ్వలూ ఉన్నారు. వాళ్ళ చేతి వంటే తిని వచ్చి చేతులెత్తారు. ఆ మాట అక్కడే అన్నాను. అందుకని తీర్మానంలో ఇంకో వాక్యం కలిపారు.

నా జుట్టు పెరిగింది. జంధ్యం ఆ రోజే తీసేశాను, ఈసారి ఎవరూ చూడలేదు. పత్రికలో ఆయన కథలు ఇక రావు కనక శెట్టిగారి అంగడికి పోవడం మానేశాను.

యుద్ధం ముగిసే రోజుల్లో సభకు ఉన్నట్టుండి ఆయన గుర్తొచ్చాడు. ఈ ప్రాంతంలో ఒక కథకుడు ఉండేవాడని ఎవరో పట్నంలో మెచ్చుకున్నారట. పటం పెట్టి సంస్మరణ జరపాలన్నారు. ప్లీడరు నన్ను పిలిపించాడు.

"పాత మాటలు మనసులో పెట్టుకోవద్దు. ఆయనకి నువ్వు దగ్గరివాడివి. ఆమె వచ్చి పటానికి దండ వేస్తే బాగుంటుంది. సంస్కర్త ఇంటి స్త్రీ అని అందరూ చూస్తారు."

ఆమె ధర్మవరంలో తమ్ముడి ఇంట్లో ఉందని తెలుసుకుని పోయాను. సాలెవాళ్ళ వీధి దాటాక ఇల్లు. మగ్గాల చప్పుడు అంతదూరం వినిపిస్తూనే ఉంటుంది. వసారాలో తెల్లచీర కట్టుకున్న మనిషి బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. తల నిండా కొంగు. ఆమె నన్ను గుర్తుపట్టింది. నేను పట్టలేదు.

కొంగు కింద జుట్టు లేదు.

"ఎవరు చేశారమ్మా?" అన్నాను. నా గొంతు పైకి లేచింది. "మీ బావగారు మాట ఇచ్చాడు కదా!"

"ఆయన మాట తప్పలేదన్నా. అరవద్దండి, లోపల మరదలుండాది. మంచి మనిషి, నన్నేమీ అనలేదు. ఎవురూ ఏమీ అనలేదు." రాయొకటి తీసి పక్కన పెట్టింది. "నేను నీళ్ళు తోడితే ఆ బిందె మళ్ళా కడిగేటోళ్ళు. నేను వడ్డిస్తే చుట్టాలు కడుపునొప్పి అని లేచేటోళ్ళు. మా తమ్ముడి కూతుర్ని చూడ్డానికి వచ్చినోళ్ళు నా జుట్టు చూసి, చెప్పకుండానే ఎల్లిపోయినారు. రెండో సంబంధమూ అంతే. ఇంక నేనే మంగలాయన్ని పిలిపించుకున్నా. మూడో సంబంధం కుదిరింది."

"నాకు కబురు చెయ్యాల్సింది."

"చేస్తే ఏం చేస్తురు?" ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మీరు ఆయన బదులు ఒక పూట తిని లేచిపోయినారు. నేను ఎవురింట్లోనో ప్రతి పూటా తినల్ల గదన్నా."

నేను వచ్చిన పని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె చేట పక్కన పెట్టి, "వస్తా," అంది. "దండ వేస్తా. ఆయన పటం నా దగ్గర గూడా లేదు."

హిందూపురం తిరిగొచ్చి ప్లీడరుకు చెప్పాను, వస్తుందని, ఎట్లా ఉందో కూడా. ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. మంచివాడే.

"ఆమె అట్ల ఉండాదంటే... వేదిక మీద కూచోబెడితే ఎట్లప్పా? మన సభకే చెడ్డపేరు గదా. పట్నం నుంచి పెద్దలు వస్తాండారు. చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

పెనుకొండ వసారాలో అడిగిన ప్రశ్నా ఇదే. అక్కడ జుట్టు ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు, ఇక్కడ జుట్టు లేకపోతే చూసినవాళ్ళు ఏమనుకుంటారు. ఆ రోజు నేను ప్లీడరును అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. రాయకపోవడానికి సిగ్గు కారణం కాదు. ఏ మాటకూ ఆయన మారలేదు. నేను వెళ్ళి తీసుకురాబోనని ధర్మవరానికి నేనే కబురు పంపాల్సి వచ్చింది. కారణం రాయలేదు. ఆమె అర్థం చేసుకునే ఉంటుంది. ఆమెకు అలవాటే.

సంస్మరణ బాగా జరిగింది. పట్నం పెద్దమనిషి దండ వేశాడు. నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఎందుకు పోయానంటే ఆయన కథ చదువుతారని. ఇంత జరిగినా ఆయన వాక్యం వినబడితే నేను పోతాను. ఇప్పటికీ పోతాను. నా ఇంటిని, మా నాయనను, నా ఆకలిని నాకు చూపించినవాడు ఇంకెవడూ లేడు.

భోక్త కథే చదివారు. జనం విరగబడి నవ్వారు. విస్తరి తుడిచేచోట నవ్వారు, గొడుగు దగ్గర నవ్వారు. చివర తలుపు వెనక గొంతు, "ఇంకొంచెం నెయ్యి వెయ్యండి, ఆయనకి ఇష్టం," అనగానే చప్పట్లు మోగాయి.

ఎన్నిసార్లు చదివానో ఆ కథను, నోటికి వచ్చు. తలుపు వెనక ఉన్నామె మొహం అందులో లేదు. గొంతే ఉంది, మా ఇద్దరికీ కాఫీ అందించిన చెయ్యిలాగా. కథ పదకొండోరోజు పొద్దున మొదలవుతుంది. అంతకు ముందురోజు ఆ తలుపు వెనక మంగలాయన వచ్చి పోయే ఉంటాడు. ఆయన అది రాయలేదు. నాకూ అడగాలని తోచలేదు. నేనూ ఆయనా ఒకటేనని అనుకున్నాను కదా, ఇందులో మాత్రం నిజంగానే ఒకటి.

చప్పట్లు ఇంకా మోగుతుండగా లేచి మండీ మెట్లు దిగాను.